క్లమీడియా వ్యాధులు – సిగ్గుపడక తెలుసుకోవలసిన సంగతులు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్లం. "మాస్టారుకి ఈ రోగాల సంగతి ఎందుకయ్యా?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. కారణం చెబుతాము. మా బడికి వచ్చే తల్లులు పిల్లల ప్రోగ్రెసు కార్డులతో పాటు ఆస్పత్రి చీటీలు కూడా తెచ్చి మా చేత చదివించుకుంటారు. చాలామందికి ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు కూడబలుక్కుని చదువుతారు, ఇంగ్లీషు రాదు. డాక్టరు గారు రాసేది ఇంగ్లీషులో. అందుచేత ఏళ్ల తరబడి ఆ చీటీలు చదవగా చదవగా, మన వాళ్ల ఇళ్లల్లో ఏ జబ్బులు నోరు విప్పకుండా తిరుగుతున్నాయో మాకు కొంత తెలిసివచ్చింది. అటువంటి వాటిలో ఒకటి క్లమీడియా. ఈ ప్రసంగాన్ని ముందుగా ఒక డాక్టరు గారికి చూపించి, ఆయన సరేనన్న తరువాతనే మీ ముందుకు తెచ్చాము.

మగవాళ్లు, ఆడవాళ్లు కూర్చున్న సభలో ఇటువంటి మాటలా అని ఎవరూ నొచ్చుకోవద్దని మనవి. కంటి నుంచి మొదలుపెడతాము. కన్ను గురించి మాట్లాడటానికి ఎవరికీ సిగ్గు ఉండదు కదా!

ఒకే క్రిమి, రెండు చోట్లు

క్లమీడియా అనేది కంటికి కనిపించని సూక్ష్మజీవి. గ్రీకు భాషలో ఆ మాటకు మూలం భుజాల మీద కప్పుకునే అంగీ. అంటే మన శాలువా వంటిది. ఈ క్రిమి మన శరీరంలోని కణం లోపలికి దూరి, కణం నడిమి కేంద్రకం మీద శాలువా కప్పినట్టు పరుచుకుని ఉంటుంది. 1907లో జావా ద్వీపంలో హాల్‌బర్‌స్టేటర్, ప్రొవాజెక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కంటిజబ్బు రోగుల కండ్ల నుంచి తీసిన పదార్థంలో దీనిని మొదటిసారి గుర్తుపట్టారు. అయితే ఈ క్రిమి బయట గాజు పళ్లెంలో పెరగదు. బతికున్న కణంలోనే పెరుగుతుంది. అందువల్ల దీనిని చాలాకాలం వైరస్ అనుకున్నారు. 1957లో చైనా దేశంలో టాంగ్ ఫీఫాన్ అనే ఆయన కోడిగుడ్డులో దీనిని పెంచి చూపించాడు. ఆ తరువాత ఇది వైరస్ కాదు, బాక్టీరియా అని తేలింది. ఈ తేడా ముఖ్యమైనది. ఎందుకంటే వైరస్ అయితే మామూలు యాంటీబయాటిక్ మందులకు లొంగదు. బాక్టీరియా అయితే లొంగుతుంది.

దీనిలో కొన్ని రకాలు కంటిని పడతాయి. ఆ జబ్బు పేరు ట్రకోమా. మరికొన్ని రకాలు స్త్రీ పురుషుల జననాంగాలను పడతాయి. ఇంకో రెండు మూడు రకాలు గజ్జల్లో బిళ్లలు కట్టిస్తాయి. తల్లి ఒకతే, పిల్లలు వేరు అన్నట్టు ఇవన్నీ ఒకే జాతి.

ఈ క్రిమికి దాయాదులు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి పక్షులలో ఉంటుంది. చిలుకలు, బాతులు, పావురాల రెట్ట ఎండి దుమ్మై లేచినప్పుడు, దానిని పీల్చిన మనిషికి న్యుమోనియా రావచ్చు. మన కొల్లేటిలో బాతులు మేపేవారు ఉన్నారు, ఇంట్లో పంజరం కట్టి చిలుకను పెంచేవారు ఉన్నారు. వారిని భయపెట్టాలని కాదు. జ్వరం, దగ్గు తగ్గక డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు "మాకు పక్షులున్నాయి" అనే ఒక్క ముక్క చెప్పమంటున్నాము. ఆ ఒక్క ముక్కతో డాక్టరు ఆలోచన మారుతుంది.

కంటి కథ – మనం గెలిచిన యుద్ధం

ట్రకోమాను ఉర్దూలో కుక్‌రే అంటారు, హిందీలో రోహే అంటారు. కనురెప్ప లోపలి వైపు గరుకుగా, ఇసుక చల్లినట్టు గుళ్లలు లేస్తాయి. చిన్నతనంలో మళ్లీ మళ్లీ వస్తే రెప్ప లోపల మచ్చలు కట్టి, రెప్ప లోపలికి ముడుచుకుపోతుంది. అప్పుడు వెంట్రుకలు కంటిగుడ్డుకు రాసుకుంటాయి. రెప్ప వేసిన ప్రతిసారీ గీరుకుని గీరుకుని చివరకు కంటి నల్లగుడ్డు తెల్లబడి చూపు పోతుంది. దాదాపు వెయ్యి సంవత్సరాల క్రితమే బాగ్దాదులో అలీ ఇబ్న్ ఈసా అనే నేత్రవైద్యుడు అరబ్బీలో రాసిన తన గ్రంథంలో ఈ జబ్బును జరబ్ అనే పేరుతో వివరించాడు. జరబ్ అంటే గజ్జి. రెప్పకు పట్టిన గజ్జి అని ఆయన ఉద్దేశం. పేరు ఎంత సరిగ్గా పెట్టాడో చూడండి.

మన దేశంలో పంజాబు, రాజస్థాను, గుజరాతు, ఉత్తరప్రదేశ్ వంటి ఎండ, దుమ్ము ఎక్కువ, నీళ్లు తక్కువ ఉన్న ప్రాంతాలు దీనివల్ల ఎక్కువ బాధపడ్డాయి. 1963లో కేంద్ర ప్రభుత్వం జాతీయ ట్రకోమా నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. 1976లో దానిని అంధత్వ నివారణ కార్యక్రమంలో కలిపారు. 1971లో మన దేశంలోని గుడ్డితనంలో నూటికి 5 వంతులు ట్రకోమా వల్లనే వచ్చినట్టు లెక్క. ఇప్పుడది ఒక వంతు కన్నా తక్కువకు దిగింది. 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించిందని ప్రకటించింది. ఆగ్నేయాసియా విభాగంలో నేపాలు, మయన్మారుల తరువాత మనది మూడవ దేశం.

ఇది ఎలా సాధ్యమయింది? మందుతోనే అనుకుంటే పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు పనులు చెప్పింది. ముడుచుకుపోయిన రెప్పకు ఆపరేషను, క్రిమికి యాంటీబయాటిక్, పిల్లల ముఖం శుభ్రంగా ఉంచడం, పరిసరాలు బాగుచేయడం. ఈ నాలుగింటిలో రెండు డాక్టరు చేసేవి, రెండు మన ఇళ్లల్లో మనం చేసుకునేవి. పిల్లవాడి కంటి పుసి, ముక్కు చీమిడి మీద వాలే ఒక రకం ఈగ ఈ క్రిమిని ఒక పిల్లవాడి నుంచి ఇంకో పిల్లవాడికి మోస్తుంది. ఆ ఈగ ఆరుబయట పడి ఉన్న మనిషి మలంలో గుడ్లు పెడుతుంది. అంటే ఇంటికో మరుగుదొడ్డి కట్టుకుంటే పిల్లల కళ్లు బాగుపడతాయన్నమాట. మరుగుదొడ్డికీ కంటికీ ఏమి సంబంధం అని ఇక ఎవరూ అడగరాదు.

కొల్లేటి వాళ్లకు ఒక కష్టం ఉంది. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు మంచినీళ్లు కరువు. క్యాన్లలో కొనుక్కుంటున్నారు. అంత మాత్రాన పిల్లల ముఖం కడగడంలో పొదుపు చేయరాదు. ఒక లోటా నీళ్లతో ముగ్గురు పిల్లల ముఖాలు కడగవచ్చు.

ఇంకో రెండు మాటలు. ఇంట్లో అందరికీ ఒకే తువ్వాలు ఉంటుంది. వజూ చేసిన తరువాత కూడా కొన్నిచోట్ల కొక్కేనికి ఒకే తువ్వాలు వేలాడుతుంది. అది మానాలి. అలాగే సుర్మా సలాయి. పండగ నాడు ఒకే సలాయితో తాత నుంచి మనవడి దాకా అందరి కళ్లకూ సుర్మా పెడతారు. ప్రేమతో పెట్టేదే. అయితే ఒక కంటిలోని క్రిమిని ఇంకో కంటిలోకి చేర్చడానికి అంతకు మించిన సాధనం లేదు. ఎవరి సలాయి వారికి ఉండాలి. నిర్మూలించామని ప్రకటన వచ్చిన తరువాత కూడా జబ్బు తిరిగి రాకుండా కాపలా కాయడం అవసరం. కండ్లకలకలు కూడా ఇదే దారిలో వస్తాయి కాబట్టి ఈ జాగ్రత్త ఎప్పటికీ వృథా పోదు.

మందుకు మన ఊరి సంబంధం

ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. తాడేపల్లిగూడేనికి దగ్గరలోని భీమవరంలో 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ములను పొట్టనబెట్టుకుంది, ఆయనను కూడా పీడించింది. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లి, చివరకు లెడర్లే అనే మందుల కంపెనీలో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు మట్టి నమూనాలలోని బూజులాంటి జీవుల నుంచి ఆరియోమైసిన్ అనే మందు తీశాడు. 1948లో అది లోకానికి వెల్లడయింది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్కులో కన్నుమూశారు. మన డెల్టాలో బోదకాలుకు పంచిపెట్టే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం ఇచ్చినదే.

ఆ ఆరియోమైసిన్ నుంచే టెట్రాసైక్లిన్ కుటుంబం అంతా మొదలయింది. ట్రకోమాకు కంట్లో పెట్టే పసుపు పచ్చని టెట్రాసైక్లిన్ ఆయింట్‌మెంటు ఆ కుటుంబానిదే. రోజుకు రెండుసార్లు చొప్పున ఆరు వారాలు పెట్టేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఒక్క మోతాదు అజిత్రోమైసిన్ ఇస్తున్నారు. జననాంగాల క్లమీడియాకు ఇప్పటికీ మొదటి మందుగా వాడే డాక్సీసైక్లిన్ కూడా ఆరియోమైసిన్ సంతతే. భీమవరం బిడ్డ వేసిన దారిలో దొరికిన మందు మన మందుల షాపులో తక్కువ ధరకే ఉంది. దానిని సరిగ్గా వాడుకోవడానికి మనకు అడ్డం వస్తున్నది సిగ్గు ఒక్కటే.

నోరు విప్పని జబ్బు

ఇప్పుడు రెండవ చోటుకు వస్తాము. సుఖవ్యాధులు అని పూర్వం నుంచీ వాడుకలో ఉన్న మాట. సుఖమేమో గానీ దుఃఖం మాత్రం ఎక్కువ. 2020లో ప్రపంచం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల లోపు వారిలో కొత్తగా 12 కోట్ల 90 లక్షల క్లమీడియా కేసులు వచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఏ మతం వారికీ, ఏ కులం వారికీ మినహాయింపు లేదు.

దీని చెడుతనమంతా చప్పుడు లేకపోవడంలో ఉంది. పది మంది ఆడవాళ్లకు సోకితే ఏడెనిమిది మందికి ఏ బాధా తెలియదు. మగవాళ్లలో కూడా సగం మందికి తెలియదు. తెలిసిన వారికి మగవారిలో మూత్రం పోసేటప్పుడు మంట, తెల్లగా నీరులాంటి స్రావం, వృషణంలో నొప్పి కనిపిస్తాయి. ఆడవారిలో తెలుపు ఎక్కువ కావడం, కలయిక తరువాత రక్తం కనిపించడం, నెలసరి మధ్యలో రక్తం, పొత్తికడుపు నొప్పి కనిపిస్తాయి. తెలుపు అయినంత మాత్రాన క్లమీడియా అని కాదు. దానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి. అందుకే ఊహతో మందు వేసుకోవద్దనేది.

చికిత్స లేకుండా వదిలేస్తే, వందమంది స్త్రీలలో పది, పదిహేను మందికి క్రిమి గర్భసంచి దాటి అండనాళాలలోకి ఎక్కుతుంది. అక్కడ వాపు తెచ్చి, మానేటప్పుడు మచ్చ కడుతుంది. కంటిరెప్పలో మచ్చ కడితే రెప్ప ముడుచుకున్నట్టే, అండనాళంలో మచ్చ కడితే నాళం మూసుకుపోతుంది. కంటిలో జరిగినదే కడుపులోనూ జరుగుతుందన్నమాట. నాళం పూర్తిగా మూసుకుంటే గర్భం రాదు. సగం మూసుకుంటే గర్భం నాళంలోనే నిలిచిపోయి, అది పగిలితే తల్లి ప్రాణానికే ముప్పు. నెల తప్పిన స్త్రీకి కడుపులో ఒక పక్క విపరీతమైన నొప్పి, కళ్లు తిరగడం వస్తే, రాత్రి అయినా అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి తీసుకుపోవాలి. తెల్లవారాక చూద్దామనరాదు.

గర్భిణికి ఈ క్రిమి ఉంటే కాన్పులో బిడ్డకు అంటుతుంది. పుట్టిన 5 రోజుల నుంచి 12 రోజుల లోపు బిడ్డ కళ్లు వాచి పుసి కారుతాయి. మొదటి మూడు నెలల్లో న్యుమోనియా కూడా రావచ్చు. పసిబిడ్డ కంట్లో పుసి వస్తే తల్లిపాలు పిండి ఊరుకునే అలవాటు మనలో ఉంది. ఆ అలవాటు మాని బిడ్డను డాక్టరుకు చూపించాలి. ఆ బిడ్డకు కంటిచుక్కలు మాత్రమే చాలవు, కడుపులోకి మందు కావాలి. తల్లిదండ్రులకు కూడా వైద్యం కావాలి.

ఒక చీటీ సంగతి

పేరూ, ఊరూ చెప్పము. ఒకప్పుడు మా దగ్గర చదువుకున్న అమ్మాయి, పెళ్లయి నాలుగైదేళ్లయిన తరువాత, తల్లితో కలిసి మా ఇంటికి ఒక ఫైలు పట్టుకుని వచ్చింది. పిల్లలు కలగలేదు. గర్భసంచిలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే తీయించారు. రెండు నాళాలూ మూసుకుపోయాయని రిపోర్టు. ఇంట్లో "బాంఝ్" అని పేరు పెట్టేశారు. అబ్బాయికి ఇంకో సంబంధం చూస్తున్నారు. ఆ అమ్మాయి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: "మాస్టారూ, ఇందులో నా తప్పని రాసి ఉందా?"

మేము ఫైలంతా చదివాము. తప్పు అనే మాట ఎక్కడా లేదు. రిపోర్టులో నాళాల సంగతి ఉన్నది గానీ ఎవరి తప్పో ఉండదు. మాటల్లో తెలిసిందేమిటంటే, పెళ్లయిన కొత్తలో భర్తకు మూత్రంలో మంట వచ్చింది. మందుల షాపులో నాలుగు మాత్రలు తీసుకుని వేసుకున్నాడు, తగ్గింది. మళ్లీ వచ్చింది, మళ్లీ వేసుకున్నాడు. భార్యకు చెప్పలేదు. ఆమెకు వైద్యం చేయించలేదు.

నాళాలు మూసుకోవడానికి కారణం ఇదేనని ఇప్పుడు ఏ డాక్టరూ ఖచ్చితంగా చెప్పలేడు. గనేరియా వల్ల కావచ్చు, క్లమీడియా వల్ల కావచ్చు. మన దేశంలో గర్భాశయానికి పట్టే క్షయ వల్ల కూడా చాలామందికి నాళాలు మూసుకుపోతాయి. కాని ఒక్క మాట మాత్రం చెప్పవచ్చు. ఆ మొదటి మంట నాడు అతడు భార్యను కూడా వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లి ఉంటే, కొద్దిపాటి ఖర్చుతో ఇద్దరికీ పరీక్షా, వైద్యం జరిగి ఉండేవి. తరువాత ఆ ఇంట్లో జరిగిన దానికి మూల్యమంతా ఆ అమ్మాయి ఒక్కతే చెల్లించింది. ఇది న్యాయమా అని ఈ సభలోని మగవాళ్లందరినీ మేము అడుగుతున్నాము.

పిల్లలు కలగని ఇంట్లో ముందుగా చేయించవలసింది భర్త వీర్యపరీక్ష. అది తేలిక, చవక, నొప్పి లేనిది. మనవాళ్లు దానిని ఆఖరికి నెట్టి, కోడలికి మాత్రం అన్ని పరీక్షలూ చేయిస్తారు. ఈ పద్ధతి మారాలి.

పరీక్షలు, వైద్యం

మామూలు మూత్ర పరీక్షలో, రక్త పరీక్షలో ఈ క్రిమి కనిపించదు. మూత్రంలో ఏమీ లేదని వచ్చింది కాబట్టి జబ్బు లేదనుకోవడం సరికాదు. క్రిమి జన్యుపదార్థాన్ని పట్టుకునే పరీక్ష కావాలి. కరోనా కాలంలో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్.టి.పి.సి.ఆర్. మీకు గుర్తుండే ఉంటుంది. ఇదీ ఆ కోవకు చెందినదే. మగవారికి మొదటి ధార మూత్రం చాలు. ఆడవారికి యోని నుంచి దూదిపుల్లతో తీసిన నమూనా మంచిది, అది తామే తీసి ఇవ్వవచ్చు. క్షయ కఫాన్ని పరీక్షించే జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రంలోనే క్లమీడియాకు వేరే కార్ట్రిడ్జ్ కూడా ఉంది. అయితే ఈ పరీక్ష అన్నిచోట్లా దొరకదు, ఖర్చు కూడా ఎక్కువ.

అందుకని ప్రభుత్వం ఇంకో మార్గం పెట్టింది. ప్రభుత్వ ఆస్పత్రులలో సురక్షా క్లినిక్కులు అని ఉన్నాయి. అక్కడ పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, లక్షణాలను బట్టి రంగు పెట్టెలలో మందు ఇచ్చే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. స్రావం ఉన్నవారికి ఇచ్చే బూడిదరంగు పెట్టెలో ఒక గ్రాము అజిత్రోమైసిన్, 400 మిల్లీగ్రాముల సెఫిక్సిమ్ ఉంటాయి. క్లమీడియాకూ గనేరియాకూ కలిపి ఒకేసారి మందు. పొత్తికడుపు నొప్పి ఉన్న స్త్రీలకు పసుపు పెట్టె, గజ్జల్లో బిళ్ల కట్టిన వారికి నల్ల పెట్టె. మందు ఉచితం. చెప్పిన మాట బయటకు పోదు. లక్షణం లేని వారిని ఈ పద్ధతి పట్టుకోలేదు. అందుకే భార్యాభర్తలలో ఒకరికి వస్తే రెండోవారికి బాధ లేకపోయినా వైద్యం తప్పనిసరి.

పరీక్షలో క్లమీడియా అని తేలితే ఇచ్చే మందు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, 7 రోజులు. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు. వారికి అజిత్రోమైసిన్ ఒక గ్రాము ఒకేసారి ఇస్తారు. కాబట్టి నెల తప్పిన అనుమానం ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. ఈ మాట మేము చెబుతున్నది మీరు చీటీ అర్థం చేసుకోవడానికే గాని, సొంతంగా షాపులో కొనుక్కోవడానికి కాదు.

మందు వేసుకునే తీరులో కొన్ని మెళకువలు ఉన్నాయి. డాక్సీసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్లతో, కూర్చుని లేక నిలబడి వేసుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతు గొట్టంలో నిలిచి పుండు చేస్తుంది. ఇనుము మాత్రలతో కలిపి వేసుకోరాదు. రంజాన్ నెలలో చాలామంది ఉపవాసం కారణంగా మందు మధ్యలో మానేస్తున్నారు. రోజుకు రెండు మాత్రలే కాబట్టి సహరీకి ఒకటి, ఇఫ్తారుకు ఒకటి వేసుకోవచ్చునేమో డాక్టరును అడగండి. సహరీ మాత్ర వేసుకుని తిరిగి పక్క మీద వాలవద్దు. మూడో రోజుకే మంట తగ్గుతుంది, తగ్గిందని ఆపరాదు. ఏడు రోజులూ పూర్తి కావాలి. ఇద్దరికీ మందు పూర్తయ్యే వరకు, ఒక్క మోతాదు మందు అయితే ఏడు రోజుల వరకు, దూరంగా ఉండాలి. మూడు నెలల తరువాత వీలైతే మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. ఎందుకంటే ఒకసారి వచ్చినవారికి మళ్లీ రాదని లేదు. నిరోధ్ వాడితే చాలావరకు రాకుండా ఆపవచ్చు.

గోడల మీద "గుప్త రోగాలకు గ్యారంటీ చికిత్స" అని రాసి ఉంటుంది. నెలకు ఒకసారి లాడ్జీలో గది తీసుకుని కూర్చునే వైద్యులు వస్తుంటారు. వారి దగ్గర వేలకు వేలు పోసినవారున్నారు. మన సిగ్గే వారి పెట్టుబడి. ఏలూరు ప్రభుత్వ ఆస్పత్రికి, తాడేపల్లిగూడెం ఏరియా ఆస్పత్రికి వెళ్లి ఓ.పి. చీటీ తీసుకుంటే జరిగే పనికి లాడ్జీ మెట్లు ఎక్కడమెందుకు? నోటితో చెప్పుకోవడానికి మరీ ఇబ్బందిగా ఉంటే 1097 అనే ఉచిత ఫోను నంబరు ఉంది. హెచ్.ఐ.వి.తో పాటు ఈ వ్యాధుల సంగతి కూడా చెబుతారు, పేరు చెప్పనక్కరలేదు.

గర్భిణులకు ఒక మనవి. ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భిణులకు హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. క్లమీడియా పరీక్ష మామూలుగా ఆ జాబితాలో ఉండదు. కాబట్టి బాధ ఏదైనా ఉంటే ఏ.ఎన్.ఎమ్. గారికి గానీ, ఆశా కార్యకర్తకు గానీ మీరే నోరు తెరిచి చెప్పాలి.

మన చేతిలోని పని

మన ప్రాంతంలో బతుకుదెరువు మనుషులను దూరం చేస్తుంది. ఆకివీడు, కైకలూరు చేపల లారీలు బెంగాలు, అస్సాం దాకా పోతాయి. గూడెం మార్కెట్టుకు ఉల్లి లారీలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. కువైట్, ఖతార్ వెళ్లి ఇళ్లల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లున్నారు. భార్య ఒకచోట, భర్త ఒకచోట ఏళ్ల తరబడి ఉంటున్నారు. ఎవరినీ వేలెత్తి చూపడానికి ఈ మాట అనడం లేదు. దూరం వెళ్లి వచ్చినవారు ఒకసారి పరీక్ష చేయించుకుంటే అది భార్య మీద, భర్త మీద ఉన్న ప్రేమకు గుర్తు అవుతుంది గాని అనుమానానికి గుర్తు కాదు. జబ్బు ఉందని తేలితే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందనే పంచాయితీ పెట్టవద్దు. ఈ క్రిమి ఏ చప్పుడూ లేకుండా నెలల తరబడి శరీరంలో ఉండగలదు. ఎప్పుడు వచ్చిందో చెప్పే పరీక్ష లేదు. చెప్పలేని దానికి కాపురాలు కూల్చుకోవడం వివేకం కాదు.

సొసైటీ పెద్దలకు మూడు విన్నపాలు. ఒకటి, మన ఉచిత వైద్య శిబిరంలో షుగరు, బి.పి.తో పాటు ఒక గదిలో లేడీ డాక్టరును కూర్చోబెట్టాలి. ఆ గది తలుపు మీద జబ్బు పేరు రాయవద్దు, స్త్రీల వైద్యం అని రాస్తే చాలు. రెండు, సురక్షా క్లినిక్కు ఎక్కడుందో, ఏ వేళల్లో ఉంటుందో తెలుగులోనూ ఉర్దూలోనూ చిన్న కరపత్రం వేయించాలి. రాసి పెట్టే పని మేము చేస్తాము. మూడు, పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు, పిల్లలు లేరని ఇంటికి పంపిన ఆడబిడ్డ సంగతి పంచాయితీకి వచ్చినప్పుడు, ఇద్దరి వైద్య పరీక్షలు చూసిన తరువాతనే పెద్దలు నోరు తెరవాలి. ఒక్కరి ఫైలు చూసి తీర్పు చెప్పరాదు.

తల్లులారా, మీ కూతుళ్లను పదో తరగతి దాకానైనా చదివించండి. తన చీటీ తాను చదువుకోగలిగిన అమ్మాయికి మాస్టారు అవసరం ఉండదు. మాకు అంతకన్నా సంతోషం లేదు.